వగరుకీ రక్తనాళానికీ చుట్టరికం

అరటిపువ్వు కూర వండేవాళ్ళ దగ్గర ఒకసారి కూచుని చూడండి. ముందు చేతులకి నూనె రాసుకుంటారు. దొప్పలు ఒక్కొక్కటే విప్పి, పూలలో ఉండే గట్టి కాడని గిల్లి పారేసి, మిగిలింది సన్నగా తరుగుతారు. తరిగింది తరిగినట్టు పలచటి మజ్జిగలో వేస్తారు. మజ్జిగ ఎందుకమ్మా అని అడిగితే రెండు జవాబులు వస్తాయి. నల్లబడకుండా ఉండటానికి, వగరు పోవటానికి. ఆ రెండు జవాబుల్లో ఇవాళ మనం చెప్పుకోబోయే రసాయనశాస్త్రం సగం ఉంది.

వగరు అంటే ఏమిటో ముందు చూద్దాం. మన లాలాజలంలో కొన్ని ప్రొటీన్లు ఉంటాయి. నోటిలో జిగురుగా, జారుడుగా ఉండేది వాటివల్లే. వగరు పదార్థం నోట్లో పడగానే ఆ ప్రొటీన్లని పట్టుకుని ముద్దలు కట్టేస్తుంది. జారుడు పోతుంది. నాలుక గరుకెక్కుతుంది, బుగ్గలు లోపలికి లాక్కుపోతాయి. పచ్చి మామిడి పిందె కొరికినా, పాలు పోయని టీ డికాషన్ తాగినా, వేరుశెనగ గుళ్ళ ఎర్రటి తొక్క ఒక్కటే తీసి నమిలినా జరిగేది ఇదే. అరటిపువ్వు మజ్జిగలో పడ్డప్పుడు ఆ పని మజ్జిగలోని ప్రొటీన్ల మీద ముందే జరిగిపోతుంది. అందుకని మన నాలుకకి మిగలదు. తరతరాలుగా వంటింట్లో ఆడవాళ్ళు చేస్తూ వచ్చిన ఈ పని అచ్చమైన ప్రయోగమే అని నా నమ్మకం.

వగరునిచ్చే పదార్థాలు ఒక్క రకం కాదు. వాటిలో ఒక పెద్ద కుటుంబం పేరు ఫ్లేవనాల్స్. కాటెకిన్, ఎపికాటెకిన్ అనేవి ఆ కుటుంబంలో చిన్నవాళ్ళు. ఆ చిన్న అణువులు రెండో మూడో పదో కలిసి గొలుసు కడితే ప్రోసయనిడిన్లు అవుతాయి. మొక్క వీటిని మనకోసం తయారుచేసుకోలేదు. ఆకు తినొచ్చిన పురుగుకీ, గింజ తవ్వొచ్చిన బూజుకీ అడ్డం పెట్టడానికి చేసుకుంది. అందుకే ఇవి ఎక్కువగా తొక్కలో, గింజ పైపొరలో, లేత ఆకులో, పిందెలో ఉంటాయి. పండు పండి, గింజని మోసుకెళ్ళడానికి పక్షో మనిషో రావాలి అనుకున్నప్పుడు మొక్కే వగరు తగ్గించుకుంటుంది.

మొన్న హైదరాబాదు నుంచి మా మనవరాలు ఫోన్ చేసి, ‘తాతయ్యా, డార్క్ చాకొలేట్ గుండెకి మంచిదటగా, పంపించనా?’ అని అడిగింది. ఆ ప్రశ్నకి అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పలేం. చాకొలేట్ దగ్గరికి వచ్చేముందు రక్తనాళం లోపలికి వెళ్ళాలి.

రక్తనాళం అంటే రక్తం పారే దారి అని మాత్రమే అనుకుంటాం. దాని గోడలో కండరం ఉంది. అది బిగుసుకుంటే నాళం ఇరుకవుతుంది, వదులైతే వెడల్పవుతుంది. గోడకి లోపలివైపు, రక్తాన్ని ఆనుకుని, ఒకే ఒక్క కణం మందాన ఒక పొర ఉంటుంది. దీన్ని ఎండోథీలియం అంటారు. చాలాకాలం దీన్ని ఉత్త పూతగా చూశారు. అసలు కథ వేరు. గోదావరి కాలువల మీద లస్కరు ఉంటాడు చూశారా, నీటి ఉరవడి చూసి షట్టరు ఎంత ఎత్తాలో తేల్చుకునేవాడు, ఈ పొర చేసేది ఆ పని. రక్తం జోరుగా రాసుకుంటూ పోతే ఆ ఒరిపిడిని పసిగట్టి, వెనకనున్న కండరానికి ‘వదులు కా’ అని కబురు పంపుతుంది. కబురు మోసేది ఒక వాయువు. దాని పేరు నైట్రిక్ ఆక్సైడ్. ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం నుంచి ఆ కణాలే అక్కడికక్కడ తయారుచేసుకుంటాయి. దాని ఆయుష్షు కొన్ని సెకన్లు మాత్రమే.

ఇది ఎలా తెలిసిందో చెప్పకుండా ముందుకి వెళ్ళబుద్ధి కావడం లేదు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ అనే ఆయన కుందేలు బృహద్ధమనిని పీలికలుగా కోసి, మందులు పోసి, ఏది బిగిస్తుంది ఏది వదులు చేస్తుంది అని ఏళ్ళ తరబడి చూస్తూ ఉండేవాడు. అసిటైల్‌కోలిన్ అనే పదార్థం బతికున్న జంతువులో నాళాల్ని వదులు చేస్తుంది. ఆయన పీలికల్ని మాత్రం బిగించేది. ఈ చిక్కు చాలాకాలం విడలేదు. 1978లో ఒక ప్రయోగంలో వరస కాస్త తప్పడం వల్ల, బిగుసుకోవాల్సిన ధమని ముక్క వదులైంది. ఇంకొకరైతే అది పారేసి మళ్ళీ మొదలుపెట్టేవారు. ఆయన ఎందుకని ఆగి చూశాడు. పీలికలు కోసేటప్పుడు లోపలి పొర దేనికో ఒకదానికి రాసుకుని ఊడిపోతోందనీ, ఉంగరాల్లా కోసిన ముక్కల్లో అది మిగిలి ఉంటోందనీ తేలింది. లోపలి వైపు కావాలని రుద్దేస్తే వదులు కావడం ఆగిపోయింది.

ఆ తరవాత ఆయన చేసింది నాకు మరీ ఇష్టం. పొర ఊడిన పీలిక ఒకటి తీసుకున్నాడు. అది ఎలాగూ వదులు కాదు. దానికి ఎదురెదురుగా, పొర ఉన్న ఇంకో పీలికని ఆనించాడు. అసిటైల్‌కోలిన్ పోస్తే, పొర లేని పీలిక కూడా వదులైంది. అంటే పొర నుంచి ఏదో బయటికి వచ్చి పక్క ముక్కకి చేరుతోందన్నమాట. 1980లో ‘నేచర్’ పత్రికలో ఇది అచ్చయింది. ఆ ‘ఏదో’ నైట్రిక్ ఆక్సైడే అని 1986-87లో ఫర్చ్‌గాట్, లూయీ ఇగ్నారో, బ్రిటన్‌లో సాల్వడార్ మొంకాడా బృందం తేల్చారు. 1998లో ఫర్చ్‌గాట్‌కీ, ఇగ్నారోకీ, అదే వాయువు మీద పనిచేసిన ఫెరిద్ మురాద్‌కీ నోబెల్ బహుమతి వచ్చింది. మొంకాడాకి రాకపోవడం చాలామందికి బాధ కలిగించింది, నాకూ కలిగింది. గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ మాత్ర చేసే పని కూడా నాళాల్ని వదులు చేయడమే. అది శరీరంలో నైట్రిక్ ఆక్సైడునిస్తుంది. డైనమైటు కనిపెట్టిన ఆల్‌ఫ్రెడ్ నోబెల్‌కి చివరి రోజుల్లో డాక్టర్లు గుండె జబ్బుకి రాసిచ్చింది నైట్రోగ్లిజరినే. ఆ డైనమైటులో ఉన్నదీ అదే.

వయసు పెరిగేకొద్దీ, షుగర్, పొగాకు, అధిక రక్తపోటు తోడైతే ఇంకా త్వరగా, ఈ పొర నైట్రిక్ ఆక్సైడ్ ఇవ్వడంలో వెనకబడుతుంది. నాళాలు బిరుసెక్కుతాయి. కొవ్వు పేరుకోవడానికి దారి ఏర్పడుతుంది. కాబట్టి ఈ పొర ఎంత చురుగ్గా ఉందో కొలవగలిగితే గుండె భవిష్యత్తు కొంత ముందే తెలుస్తుంది. కొలిచే పద్ధతి ఉంది, నొప్పి లేనిది. బీపీ చూసే పట్టీ లాంటిదే ముంజేతికి కట్టి అయిదు నిమిషాలు బిగిస్తారు. అప్పటికే అల్ట్రాసౌండుతో మోచేతికి పైనున్న ధమని వెడల్పు కొలిచి ఉంచుతారు. పట్టీ వదలగానే ఆగిన రక్తం ఒక్క ఉరుకున పారుతుంది. పొర ఆరోగ్యంగా ఉంటే ధమని నూటికి అయిదు నుంచి పది పాళ్ళదాకా వెడల్పవుతుంది. పొర నీరసించి ఉంటే కదలదు. ఫ్లేవనాల్స్ గురించి ఈ ఇరవై ఏళ్ళలో వచ్చిన పరిశీలనల్లో చాలాభాగం ఈ పట్టీ చుట్టూ తిరిగినవే.

ఇంతకీ వగరుకీ ఈ పొరకీ సంబంధం ఉందని ఎవరికి తట్టింది? పనామా దేశం తీరాన సముద్రంలో చిన్నచిన్న దీవులున్నాయి. అక్కడ గునా అనే ఆదివాసులు ఉంటారు. వయసు మీరినా వీళ్ళ బీపీ పెరగడం లేదని 1944లోనే బెంజమిన్ కీన్ అనే డాక్టరు రాశాడు. 1990ల్లో హార్వర్డ్‌కి చెందిన నార్మన్ హోలెన్‌బర్గ్ ఇది జన్యువుల మహిమ అయ్యుంటుందని వెతుక్కుంటూ అక్కడికి వెళ్ళాడు. దీవుల్లో ఉన్నవాళ్ళలో అధిక రక్తపోటు నూటికి ఇద్దరికే ఉంది. అదే తెగవాళ్ళు పనామా నగరానికి వలసపోయాక నూటికి పది దాటింది. అదే రక్తం, అవే జన్యువులు. ఉప్పు తక్కువ తింటున్నారా అంటే అదీ లేదు. దీవుల్లో వాళ్ళు రోజూ పలుమార్లు కోకో పానీయం తాగుతున్నారనీ, నగరంలో అది తగ్గిపోయిందనీ ఆయన దృష్టికి వచ్చింది.

ఇక్కడ తొందరపడకూడదు. దీవి వదిలి నగరానికి వెళ్ళినవాడు కోకో ఒక్కటే వదలలేదు. చేపలు, పడవ తెడ్డు, నడక, నిద్ర, మనసులోని నెమ్మది, అన్నీ మారాయి. కోకో వల్లే అని చెప్పడానికి ఆ లెక్క చాలదు. కానీ మంచి ప్రశ్న పుట్టింది. ప్రశ్న పుట్టాక ప్రయోగశాల పని.

జర్మనీ, అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి 2006లో ఒక మెట్టు ఎక్కారు. ఫ్లేవనాల్స్ బాగా ఉన్న కోకో తాగించి ధమని వెడల్పు కొలిస్తే పెరిగింది. అంతటితో ఆగకుండా, కోకో లేకుండా శుద్ధమైన ఎపికాటెకిన్ ఒక్కటే ఇచ్చి చూశారు. అప్పుడూ పెరిగింది. దొంగ ఎవరో కాదు, దాత ఎవరో దొరికాడు. తాగిన రెండు గంటలకి ఈ ప్రభావం ఎక్కువగా కనిపిస్తుంది, ఆ తరవాత తగ్గిపోతుంది.

ఎలా పనిచేస్తుంది అన్నది ఇంకా పూర్తిగా విడలేదుగానీ ఒక సంగతి చెప్పొచ్చు. ‘యాంటీఆక్సిడెంట్లు రక్తాన్ని శుభ్రం చేస్తాయి’ అని టీవీ ప్రకటనల్లో వినే మాట ఇక్కడ పొసగదు. మనం మింగిన దానిలో రక్తంలోకి చేరేది కొద్దిపాటి. అది కూడా పేగు గోడలోనూ కాలేయంలోనూ రూపు మారాకే చేరుతుంది. అంత చిన్న మోతాదు రక్తాన్ని కడిగేదేమీ ఉండదు. మరి? నైట్రిక్ ఆక్సైడుని మధ్యలోనే తినేసే సూపర్‌ఆక్సైడ్ అనేదాన్ని తయారుచేసే ఎంజైము ఒకటి నాళం గోడలో ఉంది. ఎపికాటెకిన్ రూపాంతరాలు ఆ ఎంజైముని అణచిపెడతాయనీ, దాంతో నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువసేపు నిలుస్తుందనీ ప్రయోగశాలలో ఆధారాలు కనిపించాయి. పెద్ద గొలుసులు మాత్రం పేగు దాటి రావు. పెద్దపేగులోని సూక్ష్మజీవులు వాటిని విరిచి చిన్న ముక్కలు చేస్తాయి. ఆ ముక్కల పని ఇంకా తేలవలసి ఉంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ధమని కాసేపు వెడల్పయితే మనిషికి ఒరిగేదేమిటి? బీపీ సంగతి చూస్తే, 2017లో కోక్రేన్ సంస్థ 35 ప్రయోగాలు కలిపి చూసి, కోకో వల్ల బీపీ పై అంకె సగటున 1.8 దాకా తగ్గిందని చెప్పింది. 150 ఉన్న బీపీ 148 అయితే డాక్టరు కనీసం తల ఊపడు. ఊరంతా అంత తగ్గితే మాత్రం లెక్క వేరు. బ్రిటన్‌లో నార్‌ఫోక్ ప్రాంతంలో 25 వేల మందికి పైగా మూత్రం పరీక్ష చేసి, ఎవరు ఎంత ఫ్లేవనాల్స్ తింటున్నారో కొలిచి 2020లో ప్రకటించారు. నోటి మాట మీద ఆధారపడకుండా కొలవడం ఇందులో గొప్ప. అందరికంటే ఎక్కువ తినే పదోవంతు మందికీ అందరికంటే తక్కువ తినే పదోవంతు మందికీ బీపీలో రెండు నుంచి నాలుగు పాయింట్ల తేడా వచ్చింది. వాళ్ళకి ఇవి ఎక్కడి నుంచి వస్తున్నాయి అని చూస్తే ముందు టీ, తరవాత ఆపిల్.

అన్నింటికంటే పెద్ద పరీక్ష అమెరికాలో జరిగింది. అరవై దాటిన మగవాళ్ళు, అరవై అయిదు దాటిన ఆడవాళ్ళు, మొత్తం 21,442 మంది. సగం మందికి రోజూ 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్స్ మాత్రల్లో ఇచ్చారు, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్రలు. దాదాపు మూడున్నరేళ్ళు గడిచాక, 2022లో ఫలితం చెప్పారు. గుండెపోటు, పక్షవాతం వగైరాలన్నీ కలిపి కోకో వాళ్ళలో 410, మిగతావాళ్ళలో 456. తేడా ఉంది, కానీ యాదృచ్ఛికంగా కూడా రాగలిగినంత చిన్న తేడా. గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు మాత్రం నూటికి 27 పాళ్ళు తగ్గాయి. పత్రికలు ఈ రెండో అంకెనే పెద్దక్షరాల్లో వేసుకున్నాయి. నా ఉద్దేశం చెబుతాను. పరీక్ష మొదలుపెట్టేటప్పుడు అడిగిన ప్రధాన ప్రశ్నకి ‘నిశ్చయంగా అవును’ అన్న జవాబు రాలేదు. రెండో వరస అంకె ఆశ కలిగిస్తుంది, రుజువు కాదు. ఇంకో పెద్ద పరీక్ష జరగాలి. పైగా ఈ పరీక్షకీ, కోకో మీద జరిగిన చాలా పరిశోధనలకీ చాకొలేట్ కంపెనీ మార్స్ డబ్బు ఇచ్చింది. డబ్బు ఇచ్చినంత మాత్రాన అబద్ధమని కాదు, ఆ పనుల్లో చాలా జాగ్రత్తగా చేసినవి ఉన్నాయి. చదివేవాడు ఆ సంగతి తెలుసుకుని చదవాలి, అంతే.

ప్రభుత్వ సంస్థలు ఏమన్నాయో చూడండి. రోజుకి 200 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్స్ రక్తనాళాల సాగుడు గుణం నిలుపుకోవడానికి తోడ్పడతాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2012లో ఒప్పుకుంది. అమెరికా ఎఫ్‌డీఏ 2023లో ఇంకా ఆచితూచి మాట్లాడింది. ఫ్లేవనాల్స్ నూటికి నాలుగు పాళ్ళకి తగ్గకుండా ఉన్న కోకో పొడికి మాత్రమే, అదీ ఆధారం చాలా పరిమితమని రాస్తేనే, గుండె మాట ఎత్తడానికి ఒప్పుకుంది. మామూలు కోకో పొడికీ చాకొలేట్‌కీ ఇది వర్తించదని తేల్చి చెప్పింది.

ఎందుకు వర్తించదు? దీనికోసం బ్రూక్లిన్ దాకా పోనక్కర్లేదు, ఏలూరు దాకా వెళితే చాలు. దేశంలో కోకో అన్ని రాష్ట్రాలకంటే ఎక్కువ పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. ఉభయ గోదావరులు, ఏలూరు జిల్లాల్లో కొబ్బరి తోటల్లోనూ పామాయిల్ తోటల్లోనూ నీడన అంతరపంటగా వేస్తారు. కాయలు కొమ్మలకి కాదు, మానుకే అతుక్కుని కాస్తాయి. కాయని దెబ్బకొట్టి పగలగొడితే తెల్లటి తియ్యటి గుజ్జులో ముప్ఫయి, నలభై గింజలు. గుజ్జు చప్పరించి, గింజని చాకుతో నిలువునా కోయండి. లోపల వంకాయ రంగు. పంటి కింద పెట్టుకుంటే నోరు బిగుసుకుపోయేంత వగరు, చేదు. ఫ్లేవనాల్స్ నిండుగా ఉన్నది అప్పుడే. ఆ గింజల్ని గుజ్జుతో సహా పోగేసి అయిదారు రోజులు పులియబెడతారు. వేడెక్కుతాయి, వంకాయ రంగు పోయి గోధుమ రంగు వస్తుంది, చాకొలేట్ వాసనకి పునాది పడుతుంది. ఆ పునాదికి ఖరీదు కింద ఫ్లేవనాల్స్‌లో చాలా భాగం పోతుంది. ఎండబెట్టాక వేయించేటప్పుడు మరికొంత.

ఆ తరవాత చాలాసార్లు ఫ్యాక్టరీలో క్షారం కూడా కలుపుతారు. రంగు ముదురుతుంది, వగరు చచ్చిపోతుంది, నీళ్ళలో బాగా కలుస్తుంది. 2008లో అచ్చయిన ఒక పరిశీలనలో, క్షారం కలపని కోకో పొడిలో గ్రాముకి సగటున 34.6 మిల్లీగ్రాముల ఫ్లేవనాల్స్ ఉంటే, బాగా క్షారం పట్టించిన పొడిలో 3.9 మాత్రమే మిగిలాయి. నల్లగా నిగనిగలాడే కోకో చూసి బలమైనదని అనుకుంటాం. చాలాసార్లు అది బలం పోగొట్టుకున్నది. అట్ట మీద ‘70 శాతం’ అని ఉంటే అది కోకో పాళ్ళ లెక్క, ఫ్లేవనాల్స్ లెక్క కాదు. మిగిలింది చాలావరకు చక్కెర, ఆ 70లోనూ కోకో కొవ్వు కలిసే ఉంటుంది. పైగా కొన్ని డార్క్ చాకొలేట్లలో సీసం, కాడ్మియం ఉన్నట్టు అమెరికాలో వినియోగదారుల సంస్థ 2022లో పరీక్ష చేసి చూపింది. మనవరాలికి నేను చెప్పింది ఇదే. ఇష్టమైతే ఒక ముక్క తిను తల్లీ, మందనుకుని తినకు.

అరటిపువ్వు దగ్గర విన్న మొదటి జవాబు, నల్లబడటం, ఇంకా మిగిలే ఉంది. తరిగిన వంకాయ ముక్కలు ఉప్పు నీళ్ళలో వేయకపోతే ఏమవుతుంది? నల్లబడతాయి. ఆపిల్, అరటిపండు కోసి ఉంచినా అంతే. గాలి తగలగానే, ఆ కాయలోనే ఉన్న పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము వగరు పదార్థాల్ని పట్టుకుని నల్లటి రంగుగా మారుస్తుంది. 2023లో కాలిఫోర్నియా, రెడింగ్ విశ్వవిద్యాలయాలవాళ్ళు చిన్న ప్రయోగం చేశారు. ఫ్లేవనాల్స్‌ని అరటిపండు స్మూతీతో తీసుకుంటే, ఉత్త మాత్రగా మింగినప్పటికంటే రక్తంలోకి చేరినవి 84 శాతం తగ్గాయి. అరటిపండులో ఆ ఎంజైము మెండుగా ఉండటమే కారణం. అరటిపండు చెడ్డదని కాదు, మంచి పండు. ద్రాక్ష, ఆపిల్ వాటి వగరు కోసం తినేవాళ్ళు మిక్సీలో వాటికి అరటిపండు జత చేయకుండా, దాన్ని విడిగా తింటే సరి.

టీ పొడి తయారయ్యేది కూడా ఈ ఎంజైము వల్లే. పచ్చి ఆకుని కోసిన వెంటనే ఆవిరి పట్టించో వేయించో ఎంజైముని చంపేస్తే గ్రీన్ టీ. నలిపి, గాలి తగలనిచ్చి, ఎంజైముని పని చేయనిస్తే ఆకు రాగి రంగుకి తిరిగి బ్లాక్ టీ అవుతుంది. అప్పుడు కాటెకిన్లు చాలావరకు థియాఫ్లేవిన్ల వంటి పెద్ద అణువులుగా మారతాయి. అయినా బ్లాక్ టీ తాగితే కూడా ధమని చురుకవుతుందని పట్టీ పరీక్షల్లో తేలింది.

మరి మనం తాగే టీ సంగతి? పాలు లేనిదే మనకి టీ లేదు. ఇరానీ చాయ్ అయితే పాలు మరిగి మీగడ కట్టాలి. బెర్లిన్‌లోని ఛారిటే ఆసుపత్రిలో 2007లో పదహారుమంది ఆడవాళ్ళకి ఒకసారి ఉత్త బ్లాక్ టీ, ఒకసారి పాలు కలిపిన టీ, ఒకసారి ఉత్త వేడినీళ్ళు ఇచ్చి పట్టీ పరీక్ష చేశారు. ఉత్త టీకి ధమని బాగా సాగింది. పాలు కలిపిన టీకి ఆ లాభం మాయమైంది. పాలలోని కేసీన్ అనే ప్రొటీను కాటెకిన్లని పట్టేసుకోవడమే కారణమన్నారు. అరటిపువ్వుని మజ్జిగలో వేసినప్పుడు జరిగేదే గ్లాసులోనూ జరుగుతోందన్నమాట. కానీ రక్తంలోకి చేరే కాటెకిన్లు పాలు కలిపినా తగ్గలేదని చూపిన ప్రయోగాలూ ఉన్నాయి. తగువు తేలలేదు. పాలు కడుపులో అరిగాక పట్టిన పట్టు వదులుతుందేమో. నేనైతే రోజులో ఒక టీ పాలు లేకుండా తాగడం అలవాటు చేసుకున్నాను. చక్కెర మానేయడం దానికంటే పెద్ద మేలు, ఆ విషయంలో తగువే లేదు.

వగరు అనగానే అన్నీ మంచివే అని మాత్రం అనుకోవద్దు. వక్కలో ఫ్లేవనాల్స్ దండిగా ఉన్నాయి. కిళ్ళీకి పూసే కాచు సంగతి చెప్పనే అక్కర్లేదు, కాటెకిన్‌ని మొట్టమొదట వేరుచేసింది కాచు నుంచే. అంత మాత్రాన వక్క, కాచు గుండెకి మందులైపోవు. వక్క నమలడం నోటి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం స్పష్టంగా చెప్పింది. మంచి అణువు ఒకటి ఉన్నంత మాత్రాన ఆ వస్తువు మంచిదైపోదు, దానితోపాటు ఇంకేం లోపలికి వెళుతోందో చూడాలి. గ్రీన్ టీ సారం మాత్రలూ అంతే. కప్పులో తాగే టీకి భయం లేదు. మాత్రల రూపంలో గ్రీన్ టీలోని ముఖ్యమైన కాటెకిన్ రోజుకి 800 మిల్లీగ్రాములు, అంతకు మించి పడితే కాలేయానికి దెబ్బ తగిలే సూచనలున్నాయని యూరప్ సంస్థ 2018లో హెచ్చరించింది. బరువు తగ్గుదామని ఆన్‌లైన్లో తెప్పించుకునే పిల్లలు ఇది గుర్తుంచుకోవాలి.

కదలకుండా కూచునేవాళ్ళ గురించి 2025లో బర్మింగ్‌హామ్ నుంచి ఒక ముచ్చట వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న నలభైమంది యువకుల్ని రెండు గంటలు కదలకుండా కూచోబెట్టారు. ముందు ఫ్లేవనాల్స్ బాగా ఉన్న కోకో తాగినవాళ్ళ ధమనులు చురుకు కోల్పోలేదు. ఫ్లేవనాల్స్ తక్కువున్న కోకో తాగినవాళ్ళవి, మంచి ఫిట్‌నెస్ ఉన్నవాళ్ళవి కూడా, మందగించాయి. ఇది చదివి కోకో తాగి కుర్చీలో కూచుందాం అనుకునేవాళ్ళు ఉంటారు. నాకు దీనిలో కనిపించింది వేరే. రెండే రెండు గంటల కూచోవడం, అదీ కుర్రవాళ్ళకి, అంత పని చేస్తుందా! సాఫ్ట్‌వేరు ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలు గంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. నడిచినప్పుడు రక్తం ఉరవడి పెరుగుతుంది, ఆ ఒరిపిడికే నైట్రిక్ ఆక్సైడ్ ఊరుతుంది. దీనికి కోకో తోట అక్కర్లేదు.

మన ఇంట్లో ఏముందని అడిగేవాళ్ళకి నాకు తెలిసినవి చెబుతాను. వేరుశెనగ గుళ్ళు వేయించి పచ్చడికి తొక్క నలిపి ఊదేస్తాం, ఆ ఎర్ర తొక్కలోనే ఉన్నాయి ప్రోసయనిడిన్లు. ఒకసారి ఊదకుండా రుబ్బి చూడండి, కాస్త వగరు తగులుతుంది, చింతపండు ముందు అది పెద్దగా తెలియదు. రాగుల పైపొరలో కాటెకిన్లున్నాయి, అందుకే జల్లించని పిండి మేలు. ఆపిల్ తొక్కతో, నల్లద్రాక్ష గింజతో సహా తినండి. తోటకూర, బీట్‌రూట్‌లో ఫ్లేవనాల్స్ కాకుండా నైట్రేట్లు ఉంటాయి, నోటిలోని సూక్ష్మజీవుల సాయంతో అవి ఇంకో దారిన నైట్రిక్ ఆక్సైడుగానే మారతాయి. అమెరికా ఆహార నిపుణుల సంఘం 2022లో రోజుకి 400 నుంచి 600 మిల్లీగ్రాముల ఫ్లేవనాల్స్ తిండి నుంచే తీసుకోమని సలహా ఇచ్చింది, మాత్రల నుంచి కాదు. బీపీ మాత్ర వేసుకుంటున్నవాళ్ళు దాన్ని మానకూడదని వేరే చెప్పాలా? చెబుతున్నాను. మానకూడదు.

ఒక్క జాగ్రత్త మిగిలింది, ముఖ్యంగా ఆడపిల్లలున్న ఇళ్ళకి. లాలాజలం ప్రొటీన్లని పట్టుకున్నట్టే వగరు పదార్థాలు అన్నంలోని, పప్పులోని, ఆకుకూరలోని ఐరన్‌ని కూడా పట్టేసుకుంటాయి, ఒంటికి పట్టనివ్వవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. వీళ్ళు టిఫిన్‌తో పాటే టీ తాగితే తిన్న ఐరన్‌లో చాలాభాగం వృథా. గంట ఆగి తాగితే ఆ నష్టం బాగా తగ్గుతుందని బ్రిటన్‌లో యువతుల మీద చేసిన ప్రయోగం 2017లో చూపింది. ఐరన్ మాత్ర వేసుకునే గర్భిణులు మాత్రకీ టీకీ మధ్య ఇంకాస్త ఎడం పెట్టుకుని, ఆ మాత్రని నిమ్మకాయ నీళ్ళతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది.